చాటింపా, సొంత డబ్బానా?

పిల్లలూ, పాఠం మొదలుపెట్టే ముందు రెండు మాటలు గట్టిగా పైకి చదవండి. చాటింపు. డబ్బా.

చాటింపు అంటే ఒక విషయం ఊరందరికీ తెలిసేలా చెప్పడం. మైకులు, ఫోన్లు లేని రోజుల్లో పల్లెటూళ్ళలో ఒక మనిషి డప్పు గానీ టముకు గానీ కొట్టుకుంటూ వీధివీధీ తిరిగేవాడు. నాలుగు దారులు కలిసే చోట ఆగి, "రేపు పొద్దున చెరువు గట్టు పనికి ఇంటికొకరు రావాలహో!" అని కేక పెట్టేవాడు. దీన్నే దండోరా వేయడం అని కూడా అంటారు. చివర ఆ "హో" ఎందుకంటే, పెరట్లో గిన్నెలు తోముకుంటున్న వాళ్ళకి కూడా వినపడాలి కదా!

డబ్బా మీకు తెలిసిందే. వంటింట్లో జంతికలు, కారప్పూస పోసి పెట్టుకునే రేకు డబ్బా. ఖాళీ డబ్బా మీద కొడితే మోత ఎక్కువ వస్తుంది. అందుకే తన గొప్ప తానే చెప్పుకునేవాణ్ణి చూసి "సొంత డబ్బా కొట్టుకుంటున్నాడు" అంటారు. ఈ మాట మీరు ఇంకా వినకపోతే, ఈసారి మీ నాన్న స్నేహితులు భోజనానికి వచ్చినప్పుడు పక్కనే కూర్చోండి. సాయంత్రం అయ్యేలోపు ఎవరో ఒకరు ఎవరో ఒకర్ని అంటారు.

రెండూ మోతే. రెండూ నలుగురికీ వినపడాలని చేసేవే. మరి తేడా ఏమిటి? ఈ పాఠంలో సేవా క్లబ్బులు చేసిన పనుల గురించి చదువుతూ దాని జవాబు వెతుకుదాం. ఇది మీకు రోజూ ఎదురయ్యే ప్రశ్నే. మీలో చాలామంది బడిలో సేవా గంటలు లెక్క రాసుకుంటూ ఉంటారు. ఆహార బ్యాంకులో సరుకులు సర్దుతారు, పార్కులో చెత్త ఏరతారు. అక్కడ ఫొటో తీసి నలుగురికీ చూపించాలా, వద్దా? ఇంట్లో బామ్మ "చేసిన మంచి చెప్పుకోకూడదమ్మా" అంటుంది. బడిలో టీచరేమో "అందరికీ తెలిసేలా పోస్టర్లు వెయ్యండి" అంటారు. ఇద్దరూ పెద్దవాళ్ళే. ఎవరి మాట వినాలి?

క్లబ్బులు ఎలా పుట్టాయి

ఇది త్వరగా చెప్పేస్తాను. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హ్యారిస్ అనే లాయరు ఇంకో ముగ్గురితో కలిసి ఒక క్లబ్ పెట్టాడు. ఒక వారం ఒకరి ఆఫీసులో, మరో వారం ఇంకొకరి ఆఫీసులో, అలా చక్రం తిరిగినట్టు సమావేశాలు జరిగేవి. అందుకే దానికి రోటరీ అని పేరు వచ్చింది. మొదట్లో అది స్నేహం కోసం, వ్యాపారంలో ఒకరికొకరు సాయం కోసం పెట్టుకున్నదే. ఊరికి వాళ్ళు చేసిన మొదటి పనుల్లో ఒకటేమిటో తెలుసా? షికాగో వీధుల్లో నడిచే జనం కోసం మరుగుదొడ్లు కట్టించాలని నగరపాలక సంస్థ వెంటపడటం! 1917లో అదే షికాగోలో మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్స్ వ్యాపారి లయన్స్ క్లబ్బుల సంఘం మొదలుపెట్టాడు. 1920 నాటికి రోటరీ కలకత్తాకి చేరింది. ఆ తర్వాత మన తెలుగు ఊళ్ళకీ వచ్చింది. విజయవాడ, గుంటూరు, వరంగల్ లాంటి చోట్ల రోడ్డు పక్కన పళ్ళచక్రం గుర్తు ఉన్న బోర్డు గానీ, రెండు సింహాల ముఖాలున్న బోర్డు గానీ కనిపిస్తే అవి ఈ రెండు క్లబ్బులవే.

మీ వయసువాళ్ళకీ క్లబ్బులున్నాయి. రోటరీ వాళ్ళది ఇంటరాక్ట్, 1962లో మొదలైంది. లయన్స్ వాళ్ళది లియో. అమెరికా హైస్కూళ్ళలో కీ క్లబ్ కూడా ఉంటుంది, అది 1925 నుంచీ ఉంది. మీ అక్కో అన్నయ్యో వీటిలో ఒకదాంట్లో ఉండే ఉంటారు.

రెండు చుక్కల కథ

ఇక అసలు కథ. పోలియో అనేది ఒక వైరస్ వల్ల వచ్చే జబ్బు. మురికి నీటి ద్వారా, కడుక్కోని చేతుల ద్వారా నోట్లోకి పోతుంది. ఎక్కువగా అయిదేళ్ళ లోపు పిల్లలకి సోకుతుంది. సోకిన ప్రతి 200 మందిలో సుమారు ఒకరికి కాలో చెయ్యో చచ్చుబడిపోతుంది. చచ్చుబడటం అంటే కదలికా బలమూ పోవడం. అలా అయితే మళ్ళీ మామూలుగా చేసే మందు ఈ రోజుకీ లేదు. మీరు ఇండియా వెళ్ళినప్పుడు, మూడు చక్రాల బండి తొక్కుకుంటూనో, ఒక కాలికి ఇనుప పట్టీలు కట్టుకుని కర్ర సాయంతోనో వెళ్ళే పెద్దవాళ్ళని చూసే ఉంటారు. వాళ్ళలో చాలామందికి చిన్నప్పుడు పోలియో వచ్చింది.

నయం చేసే మందు లేదు గానీ, రాకుండా ఆపే మందు ఉంది. నోట్లో వేసే రెండు చుక్కలు. నొప్పి ఉండదు, సూది ఉండదు, రెండు నిమిషాల పని. అయినా 1988లో ప్రపంచంలో 125కి పైగా దేశాల్లో ఏడాదికి సుమారు 3,50,000 మంది పిల్లలకి పోలియో వచ్చింది. మందు ఉన్నది ఒకచోట, పిల్లలు ఉన్నది ఇంకోచోట. మధ్యలో ఉన్న దూరమే సమస్య.

1985లో రోటరీ క్లబ్బులు పోలియోని ప్రపంచం నుంచే తరిమేద్దామని నడుం కట్టాయి. (నడుం కట్టడం అంటే పనికి సిద్ధం కావడం. పొలంలోకి దిగే ముందు పైబట్ట నడుముకి బిగించుకుంటారు, అదీ సంగతి.) 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, రోటరీ కలిసి ఒక్కటిగా పని మొదలుపెట్టాయి. ఇండియాలో 1994 అక్టోబరు 2న ఢిల్లీలో, ఆ మరుసటి ఏడాది దేశమంతా పల్స్ పోలియో మొదలైంది.

పల్స్ పోలియో ఆలోచన చాలా తెలివైనది. ఏ పిల్లవాడు ఎప్పుడు వస్తే అప్పుడు చుక్కలు వేస్తే వైరస్ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి దూకి దాక్కుంటుంది. అదే దేశంలోని అయిదేళ్ళ లోపు పిల్లలందరికీ ఒకే రోజున వేస్తే? దానికి దాక్కోవడానికి చోటు దొరకదు. అందుకని ఒక ఆదివారం అని పెట్టారు. ఒక్కో విడతలో సుమారు 17 కోట్ల మంది పిల్లలకి చుక్కలు వేశారు. అమెరికాలో ఉన్న మొత్తం జనంలో సగం అనుకోండి! అందుకోసం 20 లక్షలకు పైగా మనుషులు, చుక్కల సీసాలూ మంచు ముక్కలూ పెట్టిన చిన్న పెట్టెలు భుజాన వేసుకుని బడులకీ, బస్టాండ్లకీ, రైళ్ళకీ, ఇటుకల బట్టీలకీ వెళ్ళారు. చుక్కలు వేసుకున్న బిడ్డ ఎడమచేతి చిటికెనవేలి గోరు మీద ఊదారంగు సిరా గుర్తు పెట్టేవాళ్ళు. ఓటు వేసినవాళ్ళకి చూపుడువేలికి, చుక్కలు వేసుకున్నవాళ్ళకి చిటికెనవేలికి. ఆ గుర్తు లేని వేలు కనిపిస్తే చాలు, ఎక్కడున్నా పట్టుకుని వేసేసేవాళ్ళు.

ఇందులో ఒక చిక్కు ఉంది, చూశారా? ఆ ఆదివారం సంగతి తెలియని ఇల్లు ఒక్కటి మిగిలినా పని పూర్తి కాదు. మందు కొనడం ఎంత ముఖ్యమో, చాటింపు వేయడమూ అంతే ముఖ్యం. రోటరీ సభ్యులు బ్యానర్లు కట్టించారు, బూతులకి మనుషుల్ని పంపారు, ఊరేగింపులు తీశారు. వచ్చిన పిల్లలకి ఈలలూ బంతులూ పంచారు. ఒక వీధిలో ఒక పిల్లవాడు ఈల ఊదుకుంటూ తిరిగితే మిగతా పిల్లలు ఊరుకుంటారా? "నాకూ కావాలి" అని అమ్మ కొంగు పట్టుకుని బూతు దగ్గరికి లాక్కొస్తారు. అంత మంచి చాటింపు ఏ కవి రాయగలడు చెప్పండి!

"వద్దు" అన్న ఇళ్ళు

తెలియనివాళ్ళకి చెప్పడం సులువే. తెలిసీ వద్దన్నవాళ్ళతో మాట్లాడటమే కష్టం.

ఉత్తరప్రదేశ్‌లో కొన్ని చోట్ల, "ఈ చుక్కలు వేస్తే పిల్లలకి పెద్దయ్యాక పిల్లలు పుట్టరు" అని ఒక పుకారు పుట్టింది. పుకారు అంటే ఎవరన్నారో తెలియదు గానీ అందరూ అనుకునే మాట. ఇంకొందరు తల్లులు న్యాయమైన ప్రశ్నే అడిగారు: "మొన్ననే వేయించాం కదా, మళ్ళీ ఎందుకు?" ఇంకొందరి ప్రశ్న మరీ సూటిగా ఉంది: "మా వీధికి నీళ్ళు రావు. మురుగు కాలవ లేదు. జ్వరం వస్తే డాక్టరు రాడు. ఈ చుక్కల కోసం మాత్రం ఇంటికొచ్చి తలుపు కొడతారేం?" చుక్కలు వేసిన ఇంటి గోడ మీద సుద్దతో 'పీ' అని రాసేవాళ్ళు. వేయించుకోని ఇంటి మీద 'ఎక్స్' గుర్తు. కొన్ని వీధుల్లో ఆ రెండో గుర్తే ఎక్కువ కనిపించేది.

అలాంటి వీధిలో మైకు ఇంకా గట్టిగా పెడితే ఏం లాభం? అప్పుడు పద్ధతి మార్చారు. ఆ వీధివాళ్ళు ఎవరి మాట నమ్ముతారో చూశారు. రోటరీ వాళ్ళు ముస్లిం మతపెద్దలతో ఒక కమిటీ ఏర్పాటు చేశారు. ఆ పెద్దలు మసీదుల్లో చెప్పారు, తమ చేతులతో పిల్లలకి చుక్కలు వేశారు. జ్వరానికీ దగ్గుకీ మందులిచ్చే ఆరోగ్య శిబిరాలు పెట్టి, అక్కడే చుక్కలు కూడా వేశారు. అంటే, "మాకు వేరే బాధలున్నాయి" అన్నవాళ్ళ మాట విని, ఆ బాధల్లో కొన్నిటికైనా జవాబు ఇచ్చారన్నమాట. నన్నడిగితే ఈ కథ మొత్తంలో నేర్చుకోవాల్సిన చోటు ఇదే. చాటింపు వేసేవాడికి నోరు ఉంటే చాలదు, చెవులూ ఉండాలి.

ఇంకొకటి మీకు నచ్చుతుంది. ఉత్తరాదిన చాలా ఊళ్ళలో బడి పిల్లలు గుంపులుగా తయారయ్యేవాళ్ళు. వాటిని హిందీలో బులావా టోలీ అనేవాళ్ళు. తెలుగులో చెప్పాలంటే 'పిలుపు దండు'. పోలియో ఆదివారం పొద్దున్నే ఈ పిల్లలు కేకలు వేసుకుంటూ వీధుల్లో తిరిగి, ఇళ్ళలోంచి చిన్న పిల్లల్ని పిలుచుకుని బూతుకి తీసుకొచ్చేవాళ్ళు. ఏ ఇంట్లో కొత్తగా పాప పుట్టిందో, ఏ ఇంట్లో చుట్టాల పిల్లలు వచ్చి ఉన్నారో, డాక్టరుకి తెలుస్తుందా? వీధిలో ఆడుకునే పిల్లలకి తెలుస్తుంది. సరిగ్గా మీ ఈడువాళ్ళే.

లెక్క చూడండి. 2009లో ప్రపంచంలోని పోలియో కేసుల్లో దాదాపు సగం ఇండియావే, 741. 2010లో 42. 2011లో ఒక్కటి. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఒక చిన్న పాపకి వచ్చిందే చివరిది. 2014 మార్చి 27న ఇండియాతో సహా ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో లేని ప్రాంతంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

ఇక్కడ కాస్త ఆగుదాం. "మా క్లబ్బే పోలియోని తరిమేసింది" అని ఎవరైనా అంటే అది చాటింపా, డబ్బానా? డబ్బానే. క్లబ్బులు డబ్బు పోగుచేశాయి, జనాన్ని పిలిచాయి, బూతుల్లో నిలబడ్డాయి. నిజమే. కానీ ఎండలో ఇల్లిల్లూ తిరిగి చుక్కలు వేసినవాళ్ళలో ఎక్కువమంది ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆశా కార్యకర్తలు. ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వమే పెట్టింది. 2010లో ఇంకా బాగా పనిచేసే కొత్త రకం చుక్కల మందు కూడా వచ్చింది. ఇంతమంది కలిస్తేనే ఆ 741 సున్నా అయింది.

పోలియో ఇంకా పూర్తిగా పోలేదు. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో వైరస్ ఇంకా తిరుగుతూనే ఉంది. అందుకే ఏటా అక్టోబరు 24న ప్రపంచ పోలియో దినం జరుపుతారు. అమెరికాలో కొన్ని ఇంటరాక్ట్ క్లబ్బుల పిల్లలు ఆ రోజుల్లో బడిలో బల్ల వేసుకుని కూర్చుంటారు. ఒక డాలరు ఇస్తే మీ చిటికెనవేలికి ఊదారంగు వేస్తారు. ఎవరైనా "వేలికి ఏమైంది?" అని అడిగితే చాలు, కథ చెప్పడానికి దారి దొరికినట్టే.

అమ్మమ్మతో ఫోనులో

ఇది పాఠం కోసం రాసిన సంభాషణ. ఇద్దరు కలిసి చదవండి. ఒకరు మనవరాలు, ఒకరు అమ్మమ్మ.

"అమ్మమ్మా, బిజీగా ఉన్నావా?"

"లేదు బంగారం, చిక్కుళ్ళు ఈనెలు తీస్తున్నా. చెప్పు."

"అమ్మ చిన్నప్పుడు పోలియో ఆదివారం ఉండేదా?"

"మీ అమ్మకి లేదే. దానికి ఆస్పత్రికి తీసికెళ్ళి వేయించాం. ఆదివారం చుక్కలు వచ్చేసరికి మీ అమ్మ బడికెళ్తోంది. మీ పిన్నికి వేయించాను. చంకనెత్తుకుని వెళ్ళాను."

"ఎక్కడికి?"

"మన వీధి చివర బళ్ళోకే. అక్కడ బూతు పెట్టారు."

"ఆ రోజే వెయ్యాలని నీకెలా తెలిసింది?"

"ముందు రోజు రిక్షాకి మైకు కట్టుకుని వచ్చేవాళ్ళు. 'అయిదేళ్ళ లోపు పిల్లలందరికీ' అంటూ ఒకటే గోల! టీవీలో కూడా చెప్పేవాళ్ళు. మీ పిన్నేమో చుక్కలు వేసుకుని ఇంటికొచ్చి, ఆ సిరా గుర్తు పోతుందని నాలుగు రోజులు చెయ్యి కడుక్కోనని పేచీ!"

"అయ్యో, మరి అన్నం ఎలా తింది?"

"తినేది కుడిచేత్తో కదుటే!"

గమనించారా? మనవరాలు అమ్మమ్మని 'నువ్వు' అంటోంది. చాలా తెలుగు ఇళ్ళలో అమ్మమ్మతో, అమ్మతో చనువుగా 'నువ్వు' అనే మాట్లాడతారు. కొన్ని ఇళ్ళలో 'మీరు' అంటారు. మీ ఇంట్లో ఎలా అంటారో అలాగే అనండి. 'తీసికెళ్ళి', 'బళ్ళోకే', 'కదుటే' లాంటివి మాట్లాడే మాటలు. ఇవే రాతలో 'తీసుకువెళ్ళి', 'బడిలోకే', 'కదా' అవుతాయి.

ఇప్పుడు మీ వంతు. మీ అమ్మమ్మకో, తాతయ్యకో, ఇక్కడే ఉన్న అత్తయ్యకో ఫోను చేసి ఇవే ప్రశ్నలు అడగండి. వాళ్ళు చెప్పిన మాటల్లో మీకు కొత్తగా వినిపించినవి అయిదు రాసుకోండి. ఎవరికైనా పోలియో వచ్చిందని చెబితే తొందరపెట్టకండి, వాళ్ళు చెప్పినంతే వినండి.

ఆరు గంటల్లో

నేత్రదానం కూడా ఇలాంటిదే. 1925లో హెలెన్ కెల్లర్ అమెరికాలో లయన్స్ సభ్యుల సభకి వచ్చి, చూపు లేనివాళ్ళకి అండగా నిలబడమని అడిగింది. అప్పటినుంచీ కంటి పనులు లయన్స్ క్లబ్బులకి సొంత పనుల్లాగా అయిపోయాయి. మీ ఊరి లైబ్రరీలో పాత కళ్ళజోళ్ళు వేసే పెట్టె ఉంటే దగ్గరికి వెళ్ళి చూడండి, దాని మీద బహుశా వాళ్ళ గుర్తే ఉంటుంది.

కంటి నల్లగుడ్డు ముందు అద్దంలా ఉండే పలచని పొరని కార్నియా అంటారు. అది పాడైతే చూపు పోతుంది. చనిపోయినవారి కార్నియా పెడితే చూపు తిరిగి రావచ్చు. ఒకరి రెండు కళ్ళతో ఇద్దరికి చూపు వస్తుంది. ముసలివాళ్ళైనా ఇవ్వచ్చు, కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళైనా ఇవ్వచ్చు. కానీ మనిషి పోయిన సుమారు ఆరు గంటల్లోపు తీసుకోవాలి. ఇంట్లో అందరూ ఏడుస్తున్న సమయం అది. కళ్ళ గురించి ఆలోచన ఎవరికి వస్తుంది? ముందే తెలిసి ఉంటేనే వస్తుంది. రెప్పలు మూసి, పైన తడి దూది పెట్టి, ఫ్యాను ఆపి, తల కింద దిండు పెట్టి, ఐ బ్యాంకుకి ఫోను చేయాలని ఆ ఇంట్లో ఒక్కరికైనా తెలియాలి. అందుకే ఇండియాలో ఏటా ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 వరకు నేత్రదాన పక్షోత్సవాలు చేస్తారు. పక్షం అంటే పదిహేను రోజులు. ర్యాలీలు, కరపత్రాలు, బళ్ళలో వ్యాసరచన పోటీలు, అన్నీ ఆ ఆరు గంటల కోసమే.

ఆపిల్ పండు ఫొటో

ఇప్పుడు డబ్బా సంగతి. తెలుగు దినపత్రికల జిల్లా పేజీల్లో ఇలాంటి వార్తలు తరచు కనిపిస్తాయి. ఇది ఆ పద్ధతిలో పాఠం కోసం రాసింది:

"స్థానిక సేవా క్లబ్ ఆధ్వర్యంలో ఆదివారం ప్రభుత్వ ఆస్పత్రిలో రోగులకు పండ్లు, రొట్టెలు పంపిణీ చేశారు. ఈ సందర్భంగా క్లబ్ అధ్యక్షుడు మాట్లాడుతూ సమాజసేవలో తమ క్లబ్ ఎల్లప్పుడూ ముందుంటుందన్నారు. కార్యక్రమంలో కార్యదర్శి, కోశాధికారి, మాజీ అధ్యక్షులు తదితరులు పాల్గొన్నారు."

పక్కనే ఫొటో. మంచం మీద ఒక రోగి. ఆయన చేతిలో ఒక ఆపిల్. ఆ ఒక్క ఆపిల్‌నీ ఎనిమిది మంది పట్టుకుని ఉంటారు, అందరూ కెమెరా వైపే చూస్తూ. ఈ ఫొటో మీద తెలుగువాళ్ళు ఎన్ని జోకులు వేసుకుంటారో లెక్కలేదు.

ముందు మాటలు నేర్చుకుందాం. 'ఆధ్వర్యంలో' అంటే వాళ్ళు ముందుండి నడిపించగా. 'పంపిణీ' అంటే పంచిపెట్టడం. 'తదితరులు' అంటే ఇంకా మిగతావాళ్ళు. 'ముందుంటుందన్నారు' అనేది 'ముందు ఉంటుంది అని అన్నారు' కలిసిపోయిన రూపం. ఇవి పత్రికల మాటలు. ఇంట్లో "అమ్మా, నీ ఆధ్వర్యంలో ఇడ్లీలు పంపిణీ జరిగాయా?" అంటే అందరూ నవ్వుతారు. ఒకసారి అని చూడండి.

ఇప్పుడు ఆ వార్త మళ్ళీ చదివి వెతకండి. రోగి ఏ జబ్బుతో ఉన్నాడు? ఆయన ఏమన్నాడు? ఫొటో తీయొచ్చా అని ఆయన్ని అడిగారా? ఆ ఆస్పత్రికి నిజంగా కావాల్సింది పళ్ళేనా, లేక దుప్పట్లా, మంచినీళ్ళ ఫిల్టరా? ఈ వార్త చదివినవాళ్ళు రేపు ఏం చేయగలరు? ఒక్కదానికీ జవాబు లేదు. పళ్ళు ఇవ్వడం చెడ్డపనేమీ కాదు, ఆకలితో ఉన్నవాడికి అరటిపండు అరటిపండే. కానీ ఆ వార్త ఎవరి కోసం రాశారంటే, అందులో ఉన్నవాళ్ళ కోసమే.

దీన్ని చూడండి:

"వచ్చే ఆదివారం ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 వరకు ప్రభుత్వ ఆస్పత్రి ఆవరణలో ఉచితంగా కంటి పరీక్షలు చేస్తారు. 40 ఏళ్ళు దాటినవాళ్ళు, చూపు మసకగా ఉన్నవాళ్ళు రండి. పాత కళ్ళజోడు, వాడుతున్న మందుల చీటీ తెచ్చుకోండి. తిని రావచ్చు. శుక్లాల ఆపరేషన్ కావాలంటే తేదీ అక్కడే చెబుతారు. నడవలేనివాళ్ళ కోసం బస్టాండు నుంచి ఆటో ఉంటుంది."

ఇందులో ఏ అధ్యక్షుడి పేరూ లేదు. కానీ ఇది చదివి ఒక తాతగారు చొక్కా వేసుకుని బయల్దేరగలరు.

మరి క్లబ్బులు తమ గురించి అసలు చెప్పుకోకూడదా? చెప్పుకోవాలి. జనం దగ్గర డబ్బు తీసుకున్నప్పుడు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, దేనికి ఖర్చయింది అని చెప్పడం బాధ్యత. దాన్ని లెక్క చెప్పడం అంటారు. కొత్తవాళ్ళు చేరాలన్నా పని గురించి తెలియాలి. అలాగని బామ్మ మాటా కొట్టిపారేయలేం. తెలుగులో గుప్తదానం అనే మాట ఉంది. గుప్తం అంటే దాచింది. ఇచ్చినవారి పేరు బయటికి చెప్పకుండా ఇచ్చేది గుప్తదానం. గుళ్ళలో, అన్నదాన సత్రాల్లో దాతల పేర్ల పలకల మీద ఒక్కోసారి పేరు ఉండాల్సిన చోట ఆ మాటే చెక్కి ఉంటుంది. బామ్మ చెబుతున్నది ఇచ్చినవారి పేరు గురించి. టీచరు చెబుతున్నది జరగబోయే పని గురించి. చూస్తే ఇద్దరి మాటా ఒకేసారి వినచ్చు.

రాయండి

మొదటిది. వీటిలో ఏది చాటింపు, ఏది డబ్బా, ఏది లెక్క చెప్పడం? పక్కనే ఎందుకో ఒక్క వాక్యంలో రాయండి. కొన్నిటికి మీ జవాబు, మీ స్నేహితుడి జవాబు వేరేగా ఉండొచ్చు. అప్పుడు తెలుగులోనే వాదించుకోండి.

"శనివారం పార్కు శుభ్రం చేస్తున్నాం, చేతి తొడుగులు తెచ్చుకోండి."
"మన బడిలో అందరికన్నా ఎక్కువ సేవా గంటలు నావే."
"పాత పుస్తకాలు అమ్మితే 212 డాలర్లు వచ్చాయి, అన్నీ లైబ్రరీకి ఇచ్చాం."
"నేను సాయం చేసిన ముసలావిడ ఫొటో ఇదిగో."
"మా నాయనమ్మ కళ్ళు దానం చేశాం, మీ ఇంట్లో కూడా మాట్లాడుకోండి."

చివరిదాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. అది సొంత ఇంటి సంగతే. మరి డబ్బానా?

రెండోది. మీ ఊళ్ళో నిజంగా జరగబోయే ఒక సేవా పని తీసుకోండి. ఆహార సేకరణ కావచ్చు, రక్తదాన శిబిరం కావచ్చు, తెలుగు సంఘంవాళ్ళు ఉగాది రోజున పెట్టే ఆరోగ్య శిబిరం కావచ్చు. దానికి 50 మాటల్లో ఒక చాటింపు రాయండి. ఎవరు రావాలి, ఎక్కడికి, ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏం తెచ్చుకోవాలి, ఇవి ఉండాలి. మీ పేరు గానీ క్లబ్ అధ్యక్షుడి పేరు గానీ ఉండకూడదు. 'హో' పెట్టాలా వద్దా అనేది మీ ఇష్టం.

రాశాక తాతయ్యకి ఫోనులో చదివి వినిపించండి. ఆయన "ఇంతకీ ఎన్నింటికిరా?" అని అడిగారంటే, ఏం రాయడం మర్చిపోయారో తెలిసిపోతుంది.